పటిక అని రాసిన చేయి

"నవ్విందమ్మా," అన్నాడు సి.ఐ. మూర్తి. "తండ్రి శవం అక్కడే పడుంది. అన్న ఎదురుగా నిలబడి గుండెలు బాదుకుంటున్నాడు. ఈవిడ కాంటా పళ్లెంలో కూర్చుని పకపకా నవ్వింది. మా వాళ్లు నలుగురు చూశారు. ఇంకేం సాక్ష్యం కావాలి నీకు?"

గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి రాస్తారోకో ఎత్తేస్తారు. దారి తెరుచుకోగానే ఆ కూతురు శ్రావ్యను హైదరాబాద్ పిచ్చి దవాఖానకు తరలించాలన్న ఉత్తర్వు మూర్తి బల్ల మీద రెపరెపలాడుతోంది. ఒకసారి ఆ గేటు దాటిందంటే కేసు మూసేసినట్టే. మాటలు రాని మనిషి కోసం మళ్లీ ఎవరూ ఫైలు తెరవరు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. వకీళ్లు కోర్టు గుమ్మం ఎక్కడం లేదు. ఆపండి అని అడిగే నల్లకోటు మహబూబాబాద్ మొత్తంలో ఒక్కటీ లేదు.

ఉన్నది నేనే. విజయ, ప్రైవేట్ డిటెక్టివ్, వరంగల్‌లో ఒకే గది ఆఫీసు, పెళ్లయి పద్దెనిమిది రోజులు. బస్సులూ రైళ్లూ బంద్ కాబట్టి నన్ను బండి మీద తెచ్చింది నా మొగుడు జగన్. భూపాలపల్లి బొగ్గుబావిలో పని అతనిది. బావులూ సమ్మెలోనే. కిటికీలోంచి చూస్తే బండి మీద కూర్చుని, దారిలో కొన్న జామపండ్లలో మంచిది నా కోసం ఏరి జేబులో దాస్తున్నాడు. నవ్వు రాకూడని చోట నాకూ నవ్వొచ్చింది. నన్నెవరూ హంతకురాలు అనలేదు.

"నవ్వు సంగతి సరే సార్. టైములు చెప్పండి."

మూర్తి సమ్మె బందోబస్తు కోసం కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఇక్కడి సి.ఐ. సెలవులో ఉండడంతో పాత బజారు ఔట్‌పోస్టూ, ఈ హత్యా రెండూ ఆయన మెడకు చుట్టుకున్నాయి. విసుగ్గా వేళ్లు మడిచాడు.

"నిన్న బుధవారం. బెల్లం దుకాణం షట్టరు దింపే ఉంది. యజమాని రామచంద్రం పదింటికి వెనక గోదాంలోకి వెళ్లాడు. కూతురు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. తల్లి వనమాల వీధి చివర వంటావార్పులో, నడిరోడ్డు మీద వంద మంది ఆడవాళ్లతో అన్నం వండుతోంది. పదీ నలభైకి డప్పుల ఊరేగింపు దుకాణం ముందు నుంచి వెళ్లింది. పావుగంట మోత. ఎవరికీ ఏ కేకా వినపడలేదు. పదకొండుంబావుకు కొడుకు వరుణ్ గోదాం తలుపు తీశాడు. తండ్రి తల వెనక పగిలి బోర్లా పడున్నాడు. లోపల ఈవిడొక్కతే. ఎడమ అరచేతికి రక్తం."

"అరచేతికేనా? బట్టల మీద?"

"లేదు."

"తల పగిలేటట్టు కొట్టినామె బట్టల మీద ఒక్క చుక్క పడలేదు. నాయిన తల పట్టుకొని చూసిన బిడ్డకైతే అరచేతికే అంటుతది సార్."

"కవిత్వం వద్దు." మూర్తి బెంచీ వైపు చూపుడు వేలు చాచాడు. "దాన్ని చూడు. కళ్లలోకి చూడదు. తప్పు చేసినవాడే చూడడని ఇరవై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్నా. మా కానిస్టేబుల్‌ని కరిచింది. ప్రేమా బాధా ఇవేమీ ఉండవు వీళ్లకి. లెక్కలు మాత్రం బ్రహ్మాండంగా చేస్తారని ఎక్కడో విని, పదిహేడు ఇరవైమూళ్లు ఎంత అని అడిగాను. మొహం తిప్పేసుకుంది."

"మీకొస్తదా సార్, పదిహేడు ఇరవైమూళ్లు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

శ్రావ్యకు ఇరవై మూడేళ్లు. బెంచీ చివర, గోడకు భుజం ఆనించి కూర్చుంది. కుడి గుప్పిట్లో వంద గ్రాముల తూకం రాయి. దాన్ని బెంచీ ఇనుప కాలికి మెల్లగా తాకించి, చెవి దగ్గర పెట్టుకుని, ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా వింటోంది. మళ్లీ తాకిస్తోంది.

"కానిస్టేబుల్ ఏం చేస్తే కరిచింది?"

"ఆ ఇనుప ముక్క లాక్కోబోయాడు."

నేను వెళ్లి ఆమె పక్కన, తాకకుండా, మాట్లాడకుండా కూర్చున్నాను. గంగారం దగ్గర మా తండాలో మా అక్క గంగి పక్కన ఇలాగే కూర్చునేదాన్ని. అక్కకు మాట రాలేదు. దయ్యం పట్టిందని ఒకరన్నారు, తిక్కది అని ఒకరన్నారు. వీపు మీద వాతలు పెట్టించారు. అక్క ఇప్పటికీ ఉంది. వాతలూ ఉన్నాయి. దయ్యాన్ని వెళ్లగొడతానని డబ్బు పుచ్చుకున్నవాడు మాత్రం మళ్లీ తండాకు రాలేదు.

"మీ యాసే నాకు సగం అర్థం కాదు," అన్నాడు మూర్తి వెనక నుంచి. "ఇక మాటే లేనిదాని తరఫున వాదించడానికొచ్చావు."

"అర్థం కానిదాన్నల్ల తక్కువ అనుకుంటరు సార్ మీరు. మాకు అలవాటైపోయింది."

మూర్తి కోప్పడలేదు. సొరుగు లాగి ఒక కాగితం నా ముందుకు తోశాడు. గెలిచే ముక్క చేతిలో ఉన్నవాడి తీరిక అది.

వంకర అక్షరాలు. 'నాకు కోపం వచ్చింది. రెండు కిలోల రాయితో నాన్నను కొట్టాను. మళ్లీ వరుసలో పెట్టాను. శ్రావ్య.'

"ఈ రోజు ఉదయం ఎనిమిదీ నలభైకి నా కళ్ల ముందు రాసింది. తొమ్మిదిన్నరకు నా మనుషులు వెళ్లి చూస్తే, వరుసలో మూడోది రెండు కిలోల రాయి. కడిగేసి ఉంది. అడుగున సీసం పోసిన గుంటలో మాత్రం రక్తం మిగిలింది. అప్పటిదాకా మేం బెల్లం పగలగొట్టే గునపమనే అనుకుంటున్నాం."

"రాయడం వస్తదా ఈమెకు?"

"నేను చేయి పట్టుకుంటే వస్తుంది," అంది కిటికీ పక్క కుర్చీలోని ఆవిడ.

అరుణ. జనగామలో మాటలు రాని పిల్లల కోసం కేంద్రం నడుపుతోంది. వారానికి రెండుసార్లు వచ్చి శ్రావ్యకు చెప్పేదట. పొద్దున పోలీసు జీపు వెళ్లి తీసుకొచ్చింది. ఇస్త్రీ చీర, మెత్తని గొంతు.

"దీన్ని ఆటిజం అంటారు విజయగారూ. పిచ్చి కాదు. సి.ఐ. గారికి పొద్దుటి నుంచీ అదే చెబుతున్నాను. లోపల తెలివైన మనిషి ఉంటుంది. బయటికి దారుండదు. నేను మణికట్టు దగ్గర ఆసరా ఇస్తాను, అంతే. అక్షరాలు తనవే. ఈ మాటలు రాయించాల్సి వచ్చినందుకు నాకు రాత్రంతా..." అంటూ ఆగి, "పొద్దుటి నుంచి అన్నం సహించలేదు," అంది.

పిచ్చి కాదు అన్న మాట ఆ గదిలో అన్నది ఆమె ఒక్కతే. ఒక్క నిమిషం ఆమె మీద నాకు ఇష్టం కలిగింది. రాత్రంతా అన్న మాట దగ్గర మాత్రం మనసు తట్టుకుని ఆగింది. రాయించింది పొద్దున కదా?

పదీ ఇరవైకి వరుణ్ వచ్చాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. రాత్రి నిద్ర లేని కళ్లు, చేతిలో టిఫిన్ డబ్బా. "జర తినిపించండి సార్. మా చెల్లె నిన్నటి నుంచి ఏం తినలే."

శ్రావ్య నవ్వింది. భుజాలు ఎగిరేంత గట్టిగా, ఊపిరి తిరగనంతగా నవ్వింది. రాయి పట్టుకున్న పిడికిలి తెల్లబడింది.

"చూశావా?" అన్నాడు మూర్తి. "నిన్నా ఇంతే. పొద్దున ఇడ్లీ తెచ్చినప్పుడూ ఇంతే."

పోనీ, అన్నను చూస్తే సంతోషం కాబోలు అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

*

పదకొండుకు గోదాంలో ఉన్నాం. కరెంటు లేదు. జగన్ టార్చి పట్టుకున్నాడు. నన్ను పిలిపించిన వనమాలమ్మ గుమ్మం దాటలేక అక్కడే కూలబడింది. యాభై ఏళ్ల మనిషి, ఒక్క రోజులో డెబ్బై ఏళ్లదానిలా ఉంది.

బెల్లం కారి కారి నేలంతా నల్లగా, జిగటగా మారింది. చెప్పు ఎత్తితే చప్పుడవుతోంది. మధ్యలో దూలానికి గొలుసులతో వేలాడే పాత కాంటా. కంప్యూటర్ కాంటా వచ్చాక దాన్ని శ్రావ్యకు వదిలేశారట. పళ్లెంలో కూర్చుని ఊగుతుంది. పక్కనే గోడ వారగా తూకం రాళ్లు: పది కిలోలు, ఐదు, పోలీసులు తీసుకెళ్లిన రెండు కిలోల రాయి ఖాళీ, తర్వాత కిలో, అర కిలో, రెండు వందల గ్రాములు. పెద్ద నుంచి చిన్నకు, మెట్లలా.

"రోజూ గిట్లనే పెడ్తదా అమ్మా?"

"రోజూ ఒక్క తీరే పెడ్తది. ఎవలన్న కదిలిస్తే ఊకోదు. ఎట్ల పెడ్తదో నేను సూడలే బిడ్డా. నాకు తీరిక ఉంటే కద." వనమాలమ్మ ముక్కు చీదింది. "దీనికి నాలుగేండ్లప్పుడు పెద్ద డాక్టరుకు సూపిచ్చినం. తల్లి ఎత్తుకోలేదట, ముద్దు పెట్టలేదట, గందుకే బిడ్డ బండరాయి అయిందట. ఆయన ఇంగ్లీషుల చెప్పిండు, మా ఆయన నాకు తెలుగుల చెప్పిండు. పంతొమ్మిదేండ్లు దొంగ లెక్క బతికిన ఇంట్ల. ఎత్తుకున్న బిడ్డా. ఎత్తుకుంటే గింజుకునేది. దించితే నా కొంగు పట్టుకునేది. ముద్దు అంటే దానికి గదే."

జగన్ టార్చిని కాంటా పళ్లెం వైపు తిప్పాడు.

"ఆ నవ్వు ఏందమ్మా మరి?" అని అడిగాను.

"భయమైతే గట్ల నవ్వుతది. సూది మందు చూస్తే నవ్వేది. కుక్క ఎంటబడ్డా నవ్విందొకపారి. లోకమంత దాన్ని నవ్వుబోతుదనుకుంటది."

శవం ముందు నవ్విందంటే భయపడి. అంత మాత్రం అందింది నాకు. నేను వంగి ఐదు కిలోల రాయి ఎత్తాను. "జర వెలుతురు ఇటు కొట్టు."

"ఏమైంది విజ్జీ?"

రాయి కింద జిగట నేల మీద ఆరు పలకల తుప్పు అచ్చు. ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చుంటే పడే అచ్చు. కానీ అది ఐదు కిలోల రాయి అచ్చు కాదు. గుప్పిట్లో పట్టేంత చిన్నది. రాళ్లన్నీ తీసేశాను. ఆరు అచ్చులు బయటపడ్డాయి. చిన్నది, పెద్దది, మధ్యరకం, మళ్లీ చిన్నది. మెట్ల వరుస అసలు లేదు.

ఉన్న రాళ్లను వాటి వాటి అచ్చుల్లో పెట్టాను. జేబులోంచి తాళంచెవి తీసి, మొదటి రాయిని తాకించాను. గుడిగంటలా మోగింది. రెండోది కాస్త తక్కువ. చివరిది టక్కుమని ఆగిపోయింది. తిరగేసి చూస్తే తెలిసింది. అడుగున ముద్ర వేసిన సీసం ఊడిపోయిన రాళ్లు గట్టిగా మోగుతాయి. సీసం నిండుగా ఉన్నవి మూగగా ఉంటాయి. శ్రావ్య వాటిని బరువును బట్టి పెట్టలేదు. మోతను బట్టి పెట్టింది. మోగేదాని నుంచి మోగనిదాని దాకా.

"అంటే నిన్న ఇవన్నీ చెల్లాచెదురైతే..." అన్నాడు జగన్.

"ఎవరో మళ్లీ పేర్చారు. ఇలాంటివాళ్లు పెద్ద నుంచి చిన్నకు వరుసగా పేరుస్తారని తెలిసినవాళ్లు. తెలిసిందనుకున్నవాళ్లు. ఒక్క రోజు కూడా ఈమె పక్కన కూర్చుని విననివాళ్లు."

వనమాలమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె ఒళ్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. పొద్దుటి నుంచీ పట్టుకునే తిరుగుతోంది.

"ఇవి ఆయన దాసుకున్న కాయితాలు. బిడ్డ రాసిందని మేడం ఇచ్చినయి. రోజూ సదువుకొని ఏడ్సేటోడు. బిడ్డకు మాటొస్తే మేడారం జాతరల నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కిండు. మన బెల్లమే, దాని ఎత్తు తూచి. కాయితాలొచ్చినయి కద, మాటొచ్చినట్టే అన్నడు."

'నాన్నా నువ్వంటే ఇష్టం.' 'నాన్నా ఏడవకు.' 'నేను బాగవుతా.' ముప్పై దాకా ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నదాని మీద ఒక్కటే మాట: 'పటిక'. వెనక్కి తిప్పాను. అది రామచంద్రం దస్తూరి, వ్యాపారి గుండ్రటి అక్షరాలు.

'సోమవారం. బిడ్డకు బెల్లం ముద్ద చూపిన. మేడంకు వేరేగా పటిక చూపిన. చేయి రాసింది పటిక. మూడుసార్లు చేసిన. మూడుసార్లు మేడం చూసిందే రాసింది. ఇన్ని రోజులు నాకు ఉత్తరాలు రాసింది ఎవరు?'

ఆ చివరి వాక్యం రాసేటప్పుడు ఆయన కలం ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది.

*

"చెల్లదు," అన్నాడు మూర్తి. ఒంటిగంట కావడానికి పది నిమిషాలు. "చచ్చినవాడు రాసుకున్న చిత్తు కాగితం. తుప్పు మరకలు. నవ్విపోతారు."

"అయితే మీ ముందట ఒక్కసారి చేసి చూద్దాం సార్. పది నిమిషాలు."

"అవసరం లేదు."

"ఎదురుంగ ధర్నా టెంటు చూసిండ్రా? మైకు ఖాళీగనే ఉంది. నేను పోయి మీ ఎనిమిదీ నలభై ఉత్తరం చదివి, సోమవారం కాయితం కూడ చదువుత. ఐదువందల మంది ఉన్నరు. ఆంధ్ర సారు మాటరాని తెలంగాణ పిల్ల తోటి ఒప్పుకోలు రాయించిండు అంటే వింటరు."

"బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్న."

ఆయన కిటికీలోంచి టెంటు వైపు చూశాడు. చివరికి అరుణ వైపు తిరిగి, "చేసి చూపించండి మేడం. ఈవిడ నోరు మూతపడాలి," అన్నాడు.

శ్రావ్యను బల్ల ముందు కూర్చోబెట్టాం. అరుణ పక్కన కూర్చుని ఆమె కుడి మణికట్టు పట్టుకుంది. రాయి ఎడమ చేతిలోకి మారింది. ఇద్దరి మధ్య ఒక ఫైలు అట్ట నిలబెట్టాను. మొదటిసారి ఇటు నేనూ, అటు జగన్ ఒకే రకం వస్తువు చూపించాం, చెరొక అగ్గిపెట్టె. చేయి కదిలింది. 'అగ్గిపెట్టె.'

మూర్తి నా వైపు చూసి పెదవి విరిచాడు.

రెండోసారి నేను శ్రావ్యకు జామపండు చూపించాను. జగన్ జేబులో దాచిన పండు. అట్టకు అటువైపు జగన్ బండి తాళం చూపించాడు.

చేయి కదలలేదు. అరుణ నుదుటి మీద చెమట. ఆమెకు ఈ పరీక్ష తెలుసు. సోమవారం ఇలాగే దొరికిపోయింది. రాయకపోతే పొద్దుటి ఒప్పుకోలు చెల్లదు. రాస్తే, ఈసారి కూడా ఒకే వస్తువు చూపించామన్న ఆశ ఒక్కటే దిక్కు. గడియారం ముల్లు రెండు నిమిషాలు నడిచింది.

"శ్రావ్యా, రాయమ్మా," అంది. చేయి కదిలింది.

'తాళం.'

అట్ట తీసేశాను. జామపండు బల్ల మీద ఉంది. శ్రావ్య దాన్ని ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంది.

"ఇంకొకటి చూడండి సార్," అన్నాను. "చేయి రాస్తున్నంతసేపు ఈమె కండ్లు యాడున్నయి? కాయితం దిక్కు ఒక్కసారన్న చూసిందా? పొద్దున చూసిందా?"

పొద్దున ఆ కళ్లు ఎక్కడున్నాయో మూర్తికి గుర్తొచ్చింది. కళ్లలోకి చూడదని కోపగించుకున్న మనిషి, కాగితం వైపు చూడలేదన్నది గమనించలేదు.

"మీరే చెప్పిండ్రు," అన్నాను. "తొమ్మిదిన్నర దాక మీకు గునపమే తెలుసు. ఎనిమిదీ నలభైకి ఆ చేయి రెండు కిలోల రాయి అని రాసింది. ఆ చేయి ఎవరిదో ఇప్పుడు చూసిండ్రు. మరి రాయి సంగతి అరుణగారికి ఎట్ల తెలిసింది?"

మూర్తి లేచి నిలబడ్డాడు. నన్ను మెచ్చుకోలేదు, క్షమాపణ చెప్పలేదు. "శ్రావ్యను బయట కూర్చోబెట్టు," అని కానిస్టేబుల్ సరోజకు చెప్పి, లోపలి గది తలుపు తీశాడు. "మేడం, లోపలికి."

ఒంటిగంటా ఇరవై అయింది.

అరుణ అరగంట సేపు ఆటిజం గురించే మాట్లాడింది. నమ్మకం లేని చోట అక్షరాలు రావంది. బయటివాళ్లను చూస్తే శ్రావ్య బెదిరిపోతుందంది. రామచంద్రం చేసిన పరీక్ష క్రూరమంది. మూర్తి ఒక్కో మాటకూ ఒకే ప్రశ్న వేశాడు. "రాయి సంగతి ఎలా తెలుసు?" మనిషి మొండివాడే. మొండితనం సరైన వైపు తిరిగితే పనికొస్తుందని ఆ అరగంట చూశాక ఒప్పుకున్నాను.

"నలభై కుటుంబాలున్నయి మీ కేంద్రంల," అన్నాను చివరికి. "అందరికీ ఇసొంటి డబ్బాలే ఉంటయి కద? 'అమ్మా నువ్వంటే ఇష్టం' అని. రామచంద్రం వాళ్లందరికీ చెప్తనన్నడు. గందుకేనా కొట్టినవు?"

"నేను కొట్టలేదు!" మెత్తని గొంతు మొదటిసారి పగిలింది. "నిన్న పదిన్నర నుంచి పన్నెండు దాకా జనగామలో పదహారు మంది తల్లుల ముందున్నాను. ఫోన్ చేసి అడగండి. ఆ తల్లులు సంతోషపడ్డారు విజయగారూ. కన్నబిడ్డ నుంచి ఒక్క ముక్క చాలని నా కాళ్లు పట్టుకున్నారు. లేదని ఎలా చెప్పను?"

"రాయి," అన్నాడు మూర్తి.

ఆమె సంచీలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "ఫోన్ వచ్చింది. రెండు కిలోల రాయి, కడిగి వరుసలో పెట్టింది, అలా రాయించు అన్నాడు. రాయిస్తే సోమవారం సంగతి ఎవరికీ తెలియదన్నాడు. ఎలాగూ పిచ్చి దవాఖానలో మంచి తిండి పెడతారు, దానికి ఎక్కడున్నా ఒకటే అన్నాడు."

మూర్తి ఫోన్ తిప్పి చూశాడు. నేనూ వంగి చూశాను. వరుణ్ పేరు, నిన్నటి తేదీ. పదకొండూ రెండు నిమిషాలు.

గోదాం తలుపు తీసింది పదకొండుంబావుకని చెప్పాడు వరుణ్. తండ్రి శవాన్ని అతను చూడడానికి పదమూడు నిమిషాల ముందే, అతని ఫోన్ నుంచి జనగామకు ఆ రాయి సంగతి వెళ్లింది.

"ఎందుకు?" అన్నాడు మూర్తి.

"రేపు అతని నిశ్చితార్థం, జనగామలో. చెల్లెలు ఐదేళ్లప్పుడే చనిపోయిందని పెళ్లికూతురి తరఫువాళ్లకు చెప్పారు. ఉత్తరాలు అబద్ధమని తెలిశాక రామచంద్రం మారిపోయాడు. అది బాగవుతుందని ఇన్నాళ్లు దాచాను, ఇక బాగయ్యేదేమీ లేదు, అది ఇట్లనే నా బిడ్డ, నిశ్చితార్థానికి పక్కన కూర్చోబెట్టుకుంటా అన్నాడట."

ఇరవై మూడేళ్లు ఒకే ఇంట్లో పెరిగిన అన్న. అతనికీ ఆ రాళ్ల వరుస తెలియదు.

అప్పుడు తగిలింది నాకు. నిన్న శవం ముందు, అన్న ఎదురుగా నిలబడ్డప్పుడు. పొద్దున ఇడ్లీ తెచ్చినప్పుడు. పదీ ఇరవైకి నా కళ్ల ముందు. భయమైతే గట్ల నవ్వుతది. నిన్నటి నుంచీ ఆమె వేలెత్తి చూపిస్తూనే ఉంది. మేమంతా ఆమెకు మాటలు రావని బాధపడుతూ కూర్చున్నాం.

తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను, నా వెనకే మూర్తి. రెండూ పది.

టెంటు దగ్గర జనం చెదిరిపోతున్నారు. రోడ్డు తెరుచుకుంది. బెంచీ ఖాళీగా ఉంది. దాని పక్కన నేల మీద వనమాలమ్మ, ఒళ్లో ఆ డబ్బాతో కూర్చుంది. నాకొకటి, తనకొకటి చాయ్ గ్లాసులు పట్టుకుని జగన్ అప్పుడే గేటులోంచి వస్తున్నాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"శ్రావ్య ఏది?"

కానిస్టేబుల్ సరోజ మూర్తి వైపు చూసింది. "మీరే రాసిచ్చిండ్రు కద సార్ పొద్దున. జీపులన్నీ బందోబస్తుల ఉన్నయి, రెండు కొట్టంగనే అన్న కార్ల పంపించుండ్రి, ఎస్కార్టు అక్కర్లేదు, పిచ్చిది యాడికి ఉరుకుతది అని. ఆయనే సంతకం పెట్టి తోలుకపోయిండు."

తను పొద్దున రాసిచ్చిన కాగితాన్ని మూర్తి సరోజ చేతిలోంచి లాక్కున్నాడు.

"అన్ననే కద బిడ్డా," అంది వనమాలమ్మ. "నేనే సద్ది కట్టిచ్చిన." మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. డబ్బా ఆమె ఒళ్లోంచి జారి, కాగితాలు నేల మీద పరుచుకున్నాయి.

బెంచీ చివర, గోడ వారగా, వంద గ్రాముల రాయి ఉంది. లాక్కోబోతే శ్రావ్య మనిషిని కరిచిన రాయి అది. తనంతట తాను వదిలి వెళ్లదు. అందుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది.

జగన్ గ్లాసులు పారేసి బండి స్టార్ట్ చేశాడు. నేను ఎక్కుతూ సరోజను అడిగాను.

"పోయేటప్పుడు ఏమన్న చేసిందా?"

"ఏం లేదు మేడం. మంచిగనే పోయింది." సరోజ కొంచెం ఆలోచించి చెప్పింది. "కారు మలుపు తిరిగే దాక నవ్వుకుంటనే ఉంది."